చెప్పు తెగిన చోట

చిరంజీవికి ఆశీస్సులు.

స్పెయిన్‌లోని కోర్దోబా ఊరి మీద నువ్వు పంపిన పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి అభిమానంతో, రెండోసారి ఎర్ర పెన్సిలుతో. ‘అద్భుతం’ అనే మాట 14 చోట్ల ఉంది. ‘మాటల్లో చెప్పలేను’ నాలుగు చోట్ల ఉంది. చెప్పలేనివాడివి పన్నెండు పేజీలు ఎందుకు రాశావని అడగబోయి ఊరుకున్నాను. నా మొదటి యాత్రా వ్యాసం దీనికంటే అధ్వాన్నం. దాన్ని తిప్పి పంపిన సంపాదకుడు అంచులో ఒక్క వాక్యం రాశాడు: ‘ఇది ఊరికి వెళ్లకుండా కూడా రాయవచ్చు.’ నెల రోజులు ఆయన్ని తిట్టుకుంటూ తిరిగాను.

నీ పేజీలను అంత మాట అనలేను. నారింజ సంగతి ఉంది కదా. మసీదు ముంగిట్లో రాలిన పండు ఒకటి ఏరుకుని, ఒలిచి నోట్లో వేసుకుని, ఆ చేదుకు కళ్లనీళ్లు పెట్టుకున్నావు. పక్కనున్న కాపలాదారు పడీపడీ నవ్వాడు. మూడు పంక్తులే రాశావు, మళ్లీ చరిత్రలోకి పరుగెత్తావు. ఎందుకంత తొందర? ఆ ప్రాంగణం పేరే నారింజల ముంగిలి. అక్కడివాళ్లు పండును ‘నరాన్‌హా’ అంటారు. సంస్కృతంలోని నారంగం పారశీకంలోకి, అక్కడి నుంచి అరబీలోకి, ఆ అరబీ మాట్లాడేవాళ్ల వెంట స్పెయిన్‌కి వెళ్లింది. మన ఇంట్లో నారింజ అన్నదీ అక్కడ నరాన్‌హా అన్నదీ దూరపు చుట్టాలు. నీ నోట్లో పండు చేదు, పేరు మాత్రం సొంత ఊరిది. ఈ సంగతి నీకు తెలిసి ఉంటే ఆ మూడు పంక్తులు మూడు పేరాలు అయ్యేవి, రాజుల పట్టిక ఉన్న అయిదో పేజీ చెత్తబుట్టలోకి వెళ్లేది.

నేను మొదటిసారి ఆ ఊరు వెళ్లింది ఆగస్టులో. అది తెలివైనవాళ్లు చేసే పని కాదు. వేసవిలో అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలు. మధ్యాహ్నం రెండు దాటాక చాలా దుకాణాలు తలుపులు దించేస్తాయి, వీధిలో కుక్క కూడా కనిపించదు. మాద్రిద్ నుంచి వేగరైలులో రెండు గంటల లోపే దిగి, సామాను గదిలో పడేసి, చూడవలసినవాటి జాబితా జేబులో పెట్టుకుని బయలుదేరాను. మెస్కీతాలో, అంటే ఆ ఊరి పాత పెద్ద మసీదులో, అడుగు పెట్టిన పది నిమిషాలకు కుడికాలి చెప్పు పట్టీ తెగింది. బయట ఎండ, లోపల రాతి నేల, నాకు ఒంటికాలి చెప్పు. కాలు ఈడ్చుకుంటూ తిరగడం సిగ్గనిపించి ఒక స్తంభానికి దగ్గరగా నిలబడిపోయాను. దాదాపు రెండు గంటలు.

మొదటి పావుగంట చిరాకు. తర్వాత కళ్లు మసక వెలుతురుకు అలవాటు పడ్డాయి. ఒక గైడు గుంపుతో వచ్చి ‘స్తంభాల అడవి’ అని ఇంగ్లీషులో చెప్పి, నాలుగు నిమిషాల్లో వాళ్లను తోలుకుని వెళ్లిపోయాడు. వెనకాలే ఒకామె ఫ్రెంచిలో అదే మాట చెప్పింది. తర్వాత జర్మన్, ఇటాలియన్. ఆ పూట ఆ అడవిని నాలుగు భాషల్లో విన్నాను. అయిదో భాషలో నీ మూడో పేజీలో చదివాను.

వచ్చినవాళ్లందరూ తలలు పైకెత్తి కమానులు చూస్తున్నారు. నాకు కింద పని పడింది, తెగిన చెప్పు. వంగినప్పుడు కనిపించింది: నా స్తంభానికి పాదపీఠం లేదు. నేలలోంచి మొలిచినట్టు నేరుగా లేచింది. పక్కది వేరే రంగు రాయి. దాని పక్కదాని తలభాగంలో చెక్కడం మిగతావాటితో కలవదు. ఏ రెండూ ఒకే ఇంటి పిల్లల్లా లేవు.

వాటి కథ తర్వాత చదివి తెలుసుకున్నాను. 785 ప్రాంతంలో ఈ కట్టడం మొదలుపెట్టినప్పుడు మేస్త్రీలు కొత్త స్తంభాలు చెక్కలేదు. రోమన్లు, వాళ్ల తర్వాత ఏలిన విసిగోత్‌లు కట్టిన పాత భవనాల నుంచి ఊడదీసి తెచ్చారు. ఒకటి పొడవు, ఒకటి పొట్టి. పొడవైనవాటిని నేలలోకి దించి సమం చేశారు. అయినా అంత పెద్ద హాలుకు ఆ ఎత్తు చాలదు. అందుకని ఒక కమాను మీద మరో కమాను వేసి కప్పును పైకెత్తారు. ఎర్ర ఇటుక, తెల్ల రాయి, ఎర్ర ఇటుక, తెల్ల రాయి అంటూ నువ్వు ఫొటోలు తీసుకున్న ఆ జంట కమానుల అందమంతా పొడవు చాలని చోట పుట్టింది. పడగొట్టిన ఇంటి దూలాలతో కొత్త ఇల్లు కట్టిన మేస్త్రీ ఎవరైనా వాటిని చూస్తే ‘భలే సర్దాడు’ అంటాడు. ‘అద్భుతం’ కంటే అది నాకు పెద్ద మెప్పు.

అలాగని అడవి అని రాయవద్దని అనను. ఎవరి చెట్లో తెలుసుకుని రాయమంటాను. ఆ మసీదు మొదలుపెట్టిన మొదటి అబ్దుల్ రహమాన్ సిరియా నుంచి పారిపోయి వచ్చినవాడు. 750లో అధికారం లాక్కున్న అబ్బాసీ వంశంవాళ్లు అతని వంశాన్ని ఊచకోత కోశారు. ఉత్తర ఆఫ్రికా మీదుగా ఏళ్ల తరబడి తప్పించుకుని తిరిగి, 756లో కోర్దోబాలో పాలకుడయ్యాడు. ఊరి బయట తోట వేసుకుని దానికి తన తాత కట్టించిన సిరియా చోటి పేరే, రుసాఫా అని పెట్టుకున్నాడు. అక్కడి ఒక ఖర్జూర చెట్టుతో, నువ్వూ నాలాగే పుట్టిన నేలకు దూరమైనదానివి అని మాట్లాడే పద్యం అతని పేరు మీద ప్రచారంలో ఉంది. మ్యూనిక్‌లో కిటికీ దగ్గర కరివేపాకు మొక్క బతకడం లేదని నాకు ఫోనులో వాపోయినవాడివి, ఆ ఖర్జూరం పక్కన ఒక్క నిమిషం ఎందుకు నిలబడలేదు? అతన్ని నీ రాజుల పట్టికలో మొదటి వరసలో పెట్టి తేదీలు తగిలించి వదిలేశావు.

ఇప్పుడు తూర్పు వైపు భాగం. దాన్ని నువ్వు ‘ఇంకా విశాలంగా ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. 987లో, రాజ్యమంతా తన చేతిలో పెట్టుకున్న మంత్రి అల్ మన్సూర్ విస్తరించిన భాగం అది. దక్షిణాన గ్వాదల్కివీర్ నది అడ్డం, అందుకని పక్కకు పెంచాడు. దాంతో మిహ్రాబ్, అంటే నమాజుకు దిక్కు చూపే గూడు, భవనానికి మధ్యలో కాకుండా ఒక పక్కకు పోయింది. పాత భాగంలో కమానులకు నిజమైన ఇటుక. ఇక్కడ అంతా రాయే, ఎర్ర పట్టీలు రంగు పూసినవి. దగ్గరికి వెళ్లి చూస్తే తెలిసిపోతుంది. ఇక్కడి స్తంభాలు మాత్రం ఈ పని కోసమే చెక్కినవి, కొన్నింటి మీద చెక్కినవాళ్లు తమ గుర్తులూ పేర్లూ అరబీలో పెట్టుకున్నారు. రాజ్యం ఉచ్చదశలో ఉన్నప్పుడు కమానుకు రంగు పూసి సరిపెట్టారు, దిక్కులేని పరదేశి కట్టించినప్పుడు ఇటుక పేర్చారు. ఇందులో నీకు ఒక వ్యాసం ఉంది. నేను రాయను, నీకే వదిలేస్తున్నాను.

నిన్ను గట్టిగా మందలించవలసింది ఎనిమిదో పేజీ విషయంలో. ‘ఇక్కడ మూడు మతాలవాళ్లు అన్నదమ్ముల్లా కలిసి బతికారు’ అని రాశావు. మంచి మనసుతోనే రాశావు, తెలుసు. ఆ వాక్యం ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది. కానీ గంటల కథ విను. 997లో అల్ మన్సూర్ ఉత్తరాన క్రైస్తవుల యాత్రాస్థలం సాంతియాగోను కొల్లగొట్టి, అక్కడి చర్చి గంటలను క్రైస్తవ బందీల చేత మోయించి కోర్దోబా తెప్పించాడు. వాటిని మసీదులో దీపాలుగా వాడారు. 1236లో క్రైస్తవ రాజు మూడో ఫెర్నాందో ఊరిని గెలిచాక అవే గంటలను ముస్లిం బందీల చేత మోయించి తిరిగి సాంతియాగోకు పంపించాడు. చరిత్రకారులు రాసిపెట్టిన సంగతి ఇది. రెండుసార్లూ దారి అదే, బరువు అదే.

పోనీ అంతా కత్తులేనా అంటే అదీ కాదు. యూదుల వాడలో ఈ ఊళ్లోనే పుట్టిన యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ విగ్రహం పాదం ముట్టుకుని ఫొటో దిగావు. తెలివి వస్తుందని అందరూ రుద్ది రుద్ది ఆ పాదం మెరుస్తుంది. ఆయన పిల్లవాడిగా ఉండగా కుటుంబం ఊరు విడిచింది 1148లో ఉత్తర ఆఫ్రికా ముస్లిం పాలకులు అల్మొహద్‌లు వచ్చి యూదుల బతుకు దుర్భరం చేశాక. అదే అల్మొహద్‌ల కొలువులో పేరు తెచ్చుకున్న ముస్లిం తత్త్వవేత్త ఇబ్న్ రుష్ద్‌ను 1195లో వాళ్లే వెలివేసి, పుస్తకాలు తగలబెట్టించారు. తర్వాత మళ్లీ పిలిపించుకున్నారు, మరాకేష్‌లో పోయాడు. శవాన్ని కోర్దోబాకు తరలించేటప్పుడు పశువుకు ఒక పక్కన శవపేటిక, బరువు సరిపోవడానికి రెండో పక్కన ఆయన రాసిన పుస్తకాలు కట్టారని, కళ్లారా చూసిన సూఫీ ఇబ్న్ అరబీ రాశాడు. ఇక నువ్వు మెచ్చుకున్న సినగాగు, యూదుల ప్రార్థనాలయం, 1315 నాటిది. అంటే ఊరు క్రైస్తవుల చేతికి వచ్చిన తర్వాత కట్టినది! ఎవరు ఎవరికి అన్నదమ్ములో ఇప్పుడు చెప్పు. చెప్పలేకపోతే చెప్పకు. ఆ పశువునూ ఆ రెండు పక్కల బరువునూ చూపించు, పాఠకుడు తన లెక్క తను వేసుకుంటాడు.

మసీదు నడుమ లేచిన కేథడ్రల్, అంటే బిషప్పు పెద్ద చర్చి గురించి నీకు కోపం వచ్చింది. ‘పువ్వులో దిగిన గునపం’ అన్నావు, పోలిక బాగానే ఉంది. 1523లో ఆ పని మొదలవుతుంటే ఊరి నగరసభ అడ్డుపడింది. రాయి కదిపిన పనివాడికి మరణశిక్ష అని చాటింపు కూడా వేయించింది. వాళ్లూ క్రైస్తవులే. చక్రవర్తి అయిదో చార్లెస్ బిషప్పు వైపు మొగ్గాడు. తర్వాత వచ్చి చూసి, ‘ఎక్కడా లేనిదాన్ని చెడగొట్టి ఎక్కడైనా ఉండేదాన్ని కట్టారు’ అన్నాడని చెబుతారు. ‘చెబుతారు’ అనే మాట మర్చిపోకు, నువ్వు దాన్ని అచ్చమైన రికార్డులా రాశావు. పైగా గ్రనడాలో ముస్లిం రాజుల కోట అల్‌హంబ్రాలోనే తన కోసం ఓ చతురస్రపు రాజభవనం మొదలుపెట్టించినవాడు కూడా ఈ చార్లెసే.

నాకూ ఆ రోజు కోపమే వచ్చింది. కానీ చెప్పు తెగినవాడికి కూర్చునే చోటు కావాలి, బల్లలు ఉన్నది కేథడ్రల్ భాగంలోనే. వెళ్లి కూర్చున్నాను. మసీదులో వెలుతురు నేల మట్టంలో పాకుతుంది. ఇక్కడ ఎత్తయిన కిటికీల నుంచి తెల్లగా కురుస్తోంది. ఎదురుగా పద్దెనిమిదో శతాబ్దంలో చెక్కిన గాయకుల ఆసనాలు, అమెరికాల నుంచి తెచ్చిన మహాగని చెక్క. ఒక ముసలాయన జేబురుమాలుతో ముక్కు తుడుచుకుంటూ ప్రార్థన చేసుకుంటున్నాడు. ఆయనకు ఇది పర్యాటక స్థలం కాదు, రోజూ వచ్చే గుడి. ఇది చర్చి కావడం వల్లే ఆ 856 స్తంభాలు ఇంకా నిలిచి ఉన్నాయని వాదించేవాళ్లున్నారు. ఇది చర్చి మాత్రమే ఎలా అవుతుందని అడిగేవాళ్లూ ఉన్నారు. ముస్లింలు అక్కడ నమాజు చేయడానికి నేటికీ అనుమతి లేదు. దాన్ని ఏ పేరుతో పిలవాలన్నదే ఆ ఊళ్లో ఒక తగవు. నా కోపం తగ్గలేదు, కానీ ఆ ముసలాయన పక్కన కూర్చుని దాన్ని బయటికి అనలేకపోయాను. నీ పేజీలో అలాంటి ఇబ్బంది ఒక్కటీ లేదు. అంతా నువ్వు వెళ్లకముందే అనుకున్నట్టే జరిగింది.

చిన్నచిన్నవి కొన్ని. ‘మూర్లు’ అనే మాట ఇష్టం వచ్చినట్టు వాడకు. వాళ్లు తమను తాము అలా పిలుచుకోలేదు. అరబ్బులు, బెర్బర్లు, మతం మారిన స్థానికులు, అందరినీ బయటివాళ్లు ఒకే మూటలో కట్టిన పేరు అది. సల్మొరెహోను ‘చల్లని టమాటా సూప్’ అని తీసిపారేశావు. మిగిలిపోయిన రొట్టెను టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో రుబ్బి చేసిన ముద్ద అది, చద్దన్నం తిని పెరిగినవాడికి ఆ తెలివి వెంటనే తెలియాలి. పైన హాం, అంటే పంది మాంసం ముక్కలు చల్లుతారని శాకాహారులకు ఒక మాట చెప్పడం మర్చిపోకు. హోటలు గది గురించి రాసిన ఒకటిన్నర పేజీ తీసెయ్. ఊరి బయటి పాత రాజనగరం మెదీనా అసహారా శిథిలాలకు బస్సు తప్పిపోయి వెళ్లలేదన్నావు కదా, మరి వాటి వర్ణన ఎక్కడి నుంచి వచ్చింది? అదీ తీసెయ్. బస్సు తప్పిపోయిన సంగతి ఉంచు.

వచ్చే మే నెలలో ఇంటి ముంగిళ్ల పోటీ చూడడానికి మళ్లీ వెళ్తానన్నావు. గోడల నిండా నీలం కుండీలు, జెరేనియంలు ఉంటాయి, ఫొటోలు అందరూ తీస్తారు. నువ్వు నీళ్లు పోసే పద్ధతి చూడు. పొడవాటి వెదురు లాంటి కర్ర చివర చిన్న డబ్బా కట్టి, తల మీది కుండీకి కూడా చుక్క ఒలకకుండా పోస్తారు. రెండోసారి వెళ్లినప్పుడు ఒక ఇంటావిడను, ఏ గోడకు ఎండ ఎక్కువని అడిగాను. ఇంగ్లీషు రాదు ఆవిడకు, స్పానిష్ రాదు నాకు. అరగంట పాటు చేయి పట్టుకుని నాలుగు గోడలూ తిప్పింది.

ఒక ఉదయం తలుపులు తెరిచే వేళకే మసీదుకు వెళ్లి, తూర్పు భాగంలో రాతిపని వాళ్ల పేర్లు వెతుకు. ఏదో ఒకటి ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులో గీసుకుని పంపు, అరబీ చదవగల మిత్రుడు నాకు ఇక్కడ ఉన్నాడు. జాబితా గదిలోనే వదిలెయ్. చెప్పులు మాత్రం పాతవే వేసుకుని వెళ్లు.

నీ మాస్టారు