బ్రస్సెల్స్‌లో చదివితే బ్రస్సెల్స్‌లోనే ఉద్యోగమా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ పొలిటికల్ సైన్స్ పూర్తిచేసింది. యూరోపియన్ స్టడీస్ మాస్టర్స్‌కు బ్రస్సెల్స్ (బెల్జియం), స్ట్రాస్‌బర్గ్ (ఫ్రాన్స్) రెండుచోట్లా సీటొచ్చింది. రేపు ఈయూ (యూరోపియన్ యూనియన్) ఆఫీసులన్నీ ఒకే ఊరికి మార్చేస్తే లోన్ తీసుకుని చదివించింది వృథా అవుతుందేమో. ఏది ఎంచుకోవాలి? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: రాజధాని మారుతుందంటే గుంటూరువాళ్లకు టెన్షన్ ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ అక్కడ ఆ భయం లేదండీ. ఈయూ పార్లమెంటు ఏటా 12 సార్లు స్ట్రాస్‌బర్గ్‌లో కూర్చోవాలని, కోర్టు లక్సెంబర్గ్‌లో ఉండాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. మార్చాలంటే 27 దేశాలూ ఒప్పుకోవాలి. ఫ్రాన్స్ ససేమిరా అంటుంది. ఎంపీలు, సిబ్బంది దాదాపు నెలకోసారి బ్రస్సెల్స్ నుంచి మూటాముల్లె సర్దుకుని నాలుగు రోజుల సమావేశాలకు వెళ్లొస్తారు. ఇది దండగ ఖర్చని ఎంపీలే మొత్తుకున్నా ఆగలేదు.

కదిలితే ఈయూ కింద పనిచేసే ఏజెన్సీలు కదులుతాయి. బ్రెగ్జిట్ పుణ్యమా అని మందుల ఏజెన్సీ 2019లో లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్లింది. అంతకుముందు 2017లో ఏ ఊరికి మార్చాలన్న ఓటింగ్‌లో మిలాన్‌తో ఓట్లు సమానమైతే, చివరికి చీటీ తీసి తేల్చారు!

మీరు అడగాల్సింది వేరే ఉంది. ఈయూ సంస్థల్లో పర్మనెంట్ ఉద్యోగానికి సాధారణంగా సభ్యదేశ పౌరసత్వం ఉండాలి. ఈయూ పాలన చూసే యూరోపియన్ కమిషన్ ఇచ్చే ఐదు నెలల ‘బ్లూ బుక్’ ట్రైనీషిప్‌లోనూ బయటి దేశాలవాళ్లను కొద్దిమందినే తీసుకుంటారు. ఈ కోర్సు మీద నాకున్న అనుమానం అదే. బ్రోషర్ మీద కమిషన్ భవనం ఫొటో వేస్తారు. మన పాస్‌పోర్టుతో ఆ భవనంలో ఉద్యోగం రాదన్న సంగతి మాత్రం పెద్ద అక్షరాల్లో వెయ్యరు. పైగా ఇంగ్లిష్ ఒక్కటే చాలదు, ఫ్రెంచ్ ఉంటేనే నాలుగు తలుపులు తెరుచుకుంటాయి.

ఇంత రాశారు, అమ్మాయికి ఫ్రెంచ్ వచ్చో రాదో రాయలేదు. తనకేం ఇష్టమో ఒక్క ముక్క లేదు. బ్రస్సెల్స్ పేరు బంధువులకు చెప్పుకోవడానికి బాగుంటుంది, ఈఎంఐ మాత్రం అది కట్టదు.

ఇక ఊరి సంగతి. కమిషన్, సభ్యదేశాల మంత్రులు కూర్చునే ఈయూ కౌన్సిల్ ఒకేచోట ఉండటంతో పరిశ్రమల సంఘాలు, లాబీయింగ్ సంస్థలు, ఎన్జీవోలు బ్రస్సెల్స్‌లో గుమిగూడాయి. వాటిలో మనవాళ్లకు కొంత అవకాశం ఉంది. స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టు అసలు ఈయూది కాదు, 46 దేశాల కౌన్సిల్ ఆఫ్ యూరప్‌ది. మానవ హక్కుల చట్టం మీద గట్టి ఆసక్తి ఉంటేనే అటు చూడండి.

మరీ బెంగపడకండి. రెండుచోట్ల సీటు తెచ్చుకున్న పిల్ల దారి వెతుక్కోగలదు. ఉదాహరణకు, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు దిగుమతులపై, వాటి తయారీలో వెలువడే కార్బన్‌ను బట్టి వేసే ఈయూ కార్బన్ సుంకం 2026 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ నిబంధనలు చదివి అర్థంచేసుకునేవాళ్లు మన ఎగుమతి కంపెనీలకు కావాలి. ఆ పని ఇండియాలో ఉండి కూడా చెయ్యొచ్చు.

పోయిన బ్యాచ్‌లో ఈయూ పౌరులు కానివాళ్లు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో రెండు యూనివర్సిటీలనూ ఈమెయిల్‌లో అడగమనండి. ఆ ఈమెయిల్ అమ్మాయే రాయాలి, మీరు కాదు. జవాబు వచ్చేదాకా డిపాజిట్ కట్టొద్దు.