నైఫ్ ఎడ్జ్‌లు చెప్పనిది: బ్యాలెన్సింగ్ గురించి మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ రైస్ మిల్లు బాయిలర్ ఐడీ ఫ్యాను (పొగను బయటికి లాగే ఫ్యాను) ఇంపెల్లర్‌కు, అంటే రెక్కల చక్రానికి, అరిగిన రెక్కలు మార్చారనీ, దాన్ని నైఫ్ ఎడ్జ్‌ల (కత్తి అంచుల్లాంటి సమతలపు పట్టాల) మీద పెట్టి స్టాటిక్ బ్యాలెన్స్ చేస్తే చాలునా, వేగంగా తిప్పుతూ కొలిచి సరిచేసే డైనమిక్ బ్యాలెన్సింగ్‌కు పంపాలా అనీ అడిగావు. ఖర్చు లెక్క వేసే ముందు ఇంపెల్లర్ వ్యాసం, వెడల్పు కొలిచి, అది తిరిగే ఆర్‌పీఎం చూసుకో.

నైఫ్ ఎడ్జ్‌ల మీద పెట్టిన రోటర్ (షాఫ్టుతో కలిసి తిరిగే భాగం) దొర్లి, బరువైన వైపు కిందికి వచ్చి ఆగుతుంది. చుట్టుకొలతలో బరువు ఎటుందో దానితో తెలుస్తుంది గానీ, షాఫ్టు పొడవునా ఏ కొసన ఉందో తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, రెండు వైపులా గాలి పీల్చే వెడల్పాటి ఫ్యాను రోటర్‌ను నేనూ ఇలాగే సరిచేశాను. ఎక్కడ వదిలితే అక్కడే కదలకుండా నిలిచింది. తీరా 1480 ఆర్‌పీఎం అందుకునేసరికి రెండు బేరింగులూ ఒకదానికొకటి ఎదురుగా ఊగడం మొదలుపెట్టాయి. విప్పి చూస్తే, అదనపు బరువు మోటారు వైపు ప్లేటులో ఉండగా, నేను ఎదురు బరువును అవతలి ప్లేటుకు వెల్డింగ్ చేశానని తేలింది. ఉన్న మెలికను నా చేతులతోనే పెంచానన్నమాట.

వెడల్పు వ్యాసంలో సగం లోపు ఉండి, 1000 ఆర్‌పీఎం దాటని పుల్లీలు, ఫ్లైవీళ్లు, పలుచని ఇంపెల్లర్ల వంటివాటికి ఒకే ప్లేన్‌లో, అంటే షాఫ్టుకు అడ్డంగా ఉండే ఒకే తలంలో, సరిదిద్దడం సాధారణంగా సరిపోతుంది. పొడవాటి రోటర్‌కైనా, వేగంగా తిరిగేదానికైనా రెండు ప్లేన్లలో డైనమిక్ బ్యాలెన్సింగే చేయించు. తిరిగేటప్పుడు పుట్టే బలం వేగం వర్గంతో పెరుగుతుంది: 400 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో 50 గ్రాములు ఎక్కువుంటే 300 ఆర్‌పీఎం వద్ద బేరింగుల మీద పడేది రెండు కిలోల బరువంతే, 1500 వద్ద అదే యాభై కిలోలు.

ఫ్యాన్లకు మామూలుగా అడిగే జీ 6.3 అనే బ్యాలెన్స్ నాణ్యత గ్రేడు ప్రకారం, 1500 ఆర్‌పీఎంలో తిరిగే 200 కిలోల రోటర్‌కు ఆ 400 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో మొత్తం 20 గ్రాముల వరకే మినహాయింపు ఉంటుంది. కాబట్టి మీ ఫ్యాను 1480లో తిరిగేదైతే, సన్నగా ఉన్నా సరే, బ్యాలెన్సింగ్ మెషీన్ మీద పెట్టించు. రిపోర్టులో రెండు ప్లేన్ల అంకెలూ విడివిడిగా ఇమ్మని అడుగు. ఇంపెల్లర్‌ను షాఫ్టుతో పాటు తిప్పే కీ (రెండింటి మధ్య బిగించే ముక్క) సంగతి కూడా ముందే మాట్లాడుకో. షాఫ్టును సగం కీతోనూ ఇంపెల్లర్‌ను పూర్తి కీతోనూ బ్యాలెన్స్ చేస్తే, జత కలిపాక ఆ తేడా మళ్లీ వైబ్రేషన్‌గా బయటపడుతుంది.

ఫ్యాను బిగించాక వైబ్రేషన్ వచ్చిందని వెంటనే బరువులు అతికించకు. రెక్కలకు పట్టిన బూడిద, ఫౌండేషన్ బోల్టులు, కప్లింగ్ అలైన్‌మెంట్ చూడు. ఇవి బ్యాలెన్సింగ్‌తో పోయే జబ్బులు కావు. ఫ్యాను అక్కడే ఉండగా బరువు వెల్డింగ్ చేయాల్సి వస్తే ఎర్త్ క్లాంపును ఇంపెల్లర్‌కే పెట్టించు. బేస్ ఫ్రేముకు పెడితే కరెంటు బేరింగు గుండా పోయి, రోలర్ల మీద చిన్న చిన్న గుంటలు పడతాయి.

కొలతలు తీసుకున్నాక ఫోన్ చెయ్యి.

మీ మామయ్య