అరికాళ్ల మంటలకు లేజర్ పెట్టించొచ్చా? మా అమ్మ విషయంలో జరిగింది చెబుతాను

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్ వల్ల అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు. మా ఊళ్లో ఒక సెంటర్ వాళ్లు లేజర్‌తో నరాలను మళ్లీ పనిచేయిస్తామంటున్నారు. కాంతితో జబ్బు కనిపెట్టడం, నరాలను కదిలించడం నిజంగా ఉన్నాయా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు:

రెండూ ఉన్నాయండీ. కాకపోతే మొదటిది మీ ఊరి కంటాసుపత్రి దాకా వచ్చేసింది. రెండోది ఇంకా పరిశోధకుల చేతుల్లోనే ఉంది. మీ సెంటర్ వాళ్లు మొదటిదాని పేరు చెప్పుకుని రెండోదాన్ని అమ్ముతున్నారు. ఇది నా గట్టి అభిప్రాయం, కింద కామెంట్లలో ఎవరెంత వాదించినా మారేది కాదు.

మా అమ్మకు షుగర్ వచ్చి ఇరవై ఏళ్ల పైమాటే. అది కళ్లకూ పాకింది, కాళ్లకూ పాకింది. అందుకే ఈ రెండు రకాల వెలుగులూ ఆవిడ మీద పడ్డాయి.

ముందు కంటి సంగతి. పేపర్ చదువుతుంటే లైన్లు వంకర్లు పోతున్నాయని ఒకరోజు అంది. రాజమండ్రిలోనే కంటాసుపత్రికి తీసుకెళ్లాం. చుక్కల మందు వేసి హాల్లో కూర్చోబెట్టారు. ఆ హాలు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మందు వేసి కనుపాపలు పెద్దవి చేస్తారు, ఇక ఏ వెలుతురూ ఓర్చుకోలేరు. సరిగ్గా అక్కడే నెత్తిమీద వరసగా ట్యూబులైట్లు, ఎదురుగా గోడంత టీవీ, అందులో ఆ ఆసుపత్రి ప్రకటనలే. ముసలివాళ్లంతా చీర కొంగులు, తువ్వాళ్లు మొహాన కప్పుకుని కూర్చున్నారు. కంటి డాక్టర్లకు ఇది తట్టకపోవడం ఏమిటో!

తర్వాత ఓసీటీ అని ఒక స్కాన్ రాశారు. చీకటి గది, గడ్డం ఆనించే చోటు, నుదురు ఆనించే పట్టీ. స్కాన్ చేసే అమ్మాయి "మామ్మగారూ, లోపల ఆకుపచ్చ ప్లస్ గుర్తు కనిపిస్తోందా? దాన్నే చూడండి, రెప్ప వేయకండి" అంది. అడిగితే జవాబు చెప్పకపోవడం అమ్మకు చేతకాదు. "కనిపిస్తోందమ్మా, కానీ మధ్యలో కాస్త చెరిగినట్టు..." అని మొదలుపెట్టింది. గడ్డం కదిలింది, బొమ్మ చెదిరింది. "మాట్లాడకండి మామ్మగారూ." "నువ్వే అడుగుతావు, చెబితే వద్దంటావు." ఈ మాట కూడా గడ్డం అక్కడ పెట్టే అంది. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. చివరికి అమ్మ ఊపిరి కూడా బిగబట్టి కూర్చుంది. స్కాన్‌కు పట్టింది కొన్ని సెకన్లే. "ఏం చేశారని బిల్లు వేశారు? సూది గుచ్చలేదు, కరెంటు పెట్టలేదు" అని ఆవిడ అనుమానం.

డాక్టరుగారు మానిటర్ మావైపు తిప్పారు. మా ఆత్రేయపురం పూతరేకును అడ్డంగా కోసి పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంది కంటి వెనక పొర. రెటీనాకు మధ్యలో చిన్న గుంట ఉండాలట, చూపు పదునంతా అక్కడేనట. అమ్మ బొమ్మలో గుంట ఉండాల్సిన చోట గుట్ట లేచింది, దాని లోపల నల్లటి ఖాళీలు. అవి నీళ్లు. మామూలుగా 250 మైక్రాన్లు, అటూ ఇటూగా ఉండే మందం 400 దాటింది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కన్ను కోయకుండా, ముట్టుకోకుండా అంత సన్నటి వాపును కొలిచి అంకె చెప్పింది. కంట్లో ఇంజెక్షన్ వేశాక మళ్లీ స్కాన్ తీస్తే గుట్ట కుంగడం మా కళ్లతో మేమే చూశాం.

ఇందులో కిటుకు ఏమిటంటే, అల్ట్రాసౌండ్ శబ్దంతో చేసే పనిని ఇది వెలుగుతో చేస్తుంది. కానీ వెలుగు ఎంత సేపటికి తిరిగొచ్చిందో ఏ గడియారమూ నేరుగా కొలవలేదు. అందుకని వెలుగును రెండుగా చీల్చి, ఒకదాన్ని అద్దం మీదికి, ఒకదాన్ని కంట్లోకి పంపుతారు. వెనక్కి వచ్చిన రెండింటినీ కలిపి, ఆ తరంగాలు కలిసే తీరును బట్టి ఏ పొర ఎంత లోతులో ఉందో లెక్కగడతారు. అమెరికాలో ఎమ్ఐటీ అనే విశ్వవిద్యాలయం కేంద్రంగా డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో, వాళ్ల బృందం దీన్ని 1991లో ప్రకటించారు. హువాంగ్ అప్పటికి ఇంకా విద్యార్థే. ఇంకో సంగతి, ఇలాంటి చాలా మిషన్లలో ఉండేది లేజర్ కూడా కాదు, 840 నానోమీటర్ల దగ్గర వెలిగే ఒక రకం డయోడ్, అంటే ఎల్ఈడీ లాంటి చిన్న దీపం. నానోమీటరు అంటే మైక్రానులో వెయ్యో వంతు, వెలుగు తరంగం పొడవును దాంతోనే కొలుస్తారు. లేజర్ అని బోర్డు పెట్టనిదే పని గట్టిగా చేస్తోంది, చూడండి.

కోవిడ్‌లో మనమంతా వేలికి తగిలించుకున్న ఆక్సీమీటర్ కూడా ఈ జాతిదే. 660 నానోమీటర్ల ఎరుపు, 940 దగ్గర కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్, రెండూ రక్తంలో ఎంతెంత ఆగిపోతున్నాయో చూసి ఆక్సిజన్ చెబుతుంది. దాని వెనక ఉన్న ఆలోచన జపాన్ ఇంజనీరు టకువో అయోయగిది, 1970ల నాటిది. లోకమంతా దాని కోసం మందుల షాపుల ముందు పడిగాపులు పడుతున్న 2020లోనే ఆయన పోయారు. మన టీవీల్లో ఒక్కరైనా ఆయన పేరెత్తారా? పైగా నల్లటి చర్మం ఉన్నవాళ్లలో అది ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపించే ప్రమాదం ఉందని అదే ఏడాది అమెరికాలో తేలింది. మన వాట్సాప్ వైద్యులు ఈ ముక్క మాత్రం ఫార్వర్డ్ చేయలేదు.

ఇప్పుడు మీ నాన్నగారి కాళ్ల దగ్గరికి వస్తాను. అమ్మ మంటల కోసం మా బావగారు ఒక సెంటర్లో లేజర్ ప్యాకేజీకి ముందే డబ్బు కట్టేశారు. గోడ మీద పోస్టరు, అందులో మెదడు మీద నీలం కాంతి పడుతున్న బొమ్మ. అక్కడి కుర్రాడు పెన్ను లాంటిది అరికాలికి ఆనించి "ఏమైనా తెలుస్తోందా అమ్మా?" అన్నాడు. "ఏమీ తెలియట్లేదు బాబూ." "తెలియకూడదమ్మా, అదే లేజర్ గొప్పతనం." నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ పాదానికి అసలు స్పర్శే లేదు! అంతకుముందే షుగర్ డాక్టరుగారు నైలాన్ పోగుతో చూశారు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే పోగు అది, ఎక్కడ ఆనించినా అమ్మకు తెలియలేదు. స్పర్శ లేని కాలికి వేడి పుట్టించే పరికరం పెడితే కాలినా తెలియదు. లేజర్ పడకుండా కళ్లకు పెట్టాల్సిన అద్దాలేమో మేకుకు వేలాడుతున్నాయి.

ఆ పోస్టర్లోని నీలం కాంతి అబద్ధం కాదు. నాచులో దొరికే ఒక ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువును నాడీకణాల్లోకి పంపితే వాటిని నీలం కాంతితో మేల్కొలపొచ్చని 2005లో స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ బాయ్‌డెన్, కార్ల్ డైసెరాత్ చూపించారు. 2021లో, చూపు పోయిన 58 ఏళ్ల మనిషికి అదే దారిలో కంట్లో జన్యువు ఎక్కించి, ప్రత్యేకమైన కళ్లద్దాలు పెడితే, బల్ల మీద వస్తువులను గుర్తుపట్టగలిగాడు. రోడ్డు మీద జీబ్రా చారలు కనిపించాయన్నాడు. అద్భుతమే. కానీ దానికి ముందు జన్యువు లోపలికి వెళ్లాలి. జన్యువు లేకుండా ఇన్‌ఫ్రారెడ్ లేజర్‌తో నరాన్ని కదిలించింది వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు, అదీ ఎలుక తొడను కోసి నరాన్ని బయటపెట్టాకే. వాళ్లు వాడినటువంటి, తరంగం పొడవు 2 మైక్రాన్ల పైచిలుకు ఉండే కాంతి నీటిలో మిల్లీమీటరు లోపే ఆగిపోతుంది. అరికాలి చర్మమే అంతకంటే మందం.

తక్కువ పవర్ లేజర్‌తో నొప్పి కాస్త తగ్గిందనే చిన్న అధ్యయనాలు ఉన్నాయి, కాదనను. నొప్పి తగ్గడం వేరు, చచ్చిన నరం లేచి కూర్చోవడం వేరు. ఆ సెంటర్ వాళ్లను ఎన్ని నానోమీటర్లు, ఎన్ని మిల్లీవాట్లు అని అడగండి. నేనడిగితే "జర్మన్ టెక్నాలజీ సార్" అన్నాడు.

అమ్మకు షుగర్ డాక్టరుగారు రాత్రిపూట వేసుకునే మాత్ర రాశారు, ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకోమన్నారు, రోజూ పాదం కింద అద్దం పెట్టి పుండ్లున్నాయేమో చూడమన్నారు. మంట పూర్తిగా పోలేదు గానీ నిద్ర పడుతోంది. మధ్యలో మానేశాం గనుక ప్యాకేజీ డబ్బు వెనక్కి ఇవ్వమంటే, మిగిలిన సిట్టింగులు ఇంట్లో ఇంకెవరైనా వాడుకోవచ్చన్నారు. బావగారు తన మోకాళ్లకు పెట్టించుకుంటున్నారు. తగ్గిందనే అంటున్నారు, డబ్బు కట్టింది ఆయనే కదా.