కోఆప్ బోర్డులో చేరిన మా శీనుగాడికి: ముందు బేస్‌మెంట్‌లోకి దిగరా

ఒరేయ్ శీనూ,

కోఆప్ బోర్డులోకి, అంటే ఫ్లాట్ల వాళ్ళంతా కలిసి సొంతం చేసుకున్న మీ బిల్డింగు కమిటీలోకి, ఎన్నికయ్యావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, సంతోషం. కాకపోతే ఎవరూ ముట్టుకోని పని తీసుకొచ్చి కొత్తోడివని నీ నెత్తిన పెట్టారు, లోకల్ లా 97 (బిల్డింగులు ఏడాదికి వదిలే కార్బన్‌కి లిమిట్ పెట్టిన న్యూయార్క్ సిటీ చట్టం) సంగతి నువ్వే చూసుకోమని. నా సర్వీసంతా క్వీన్స్‌లో పాత ఇటుక బిల్డింగుల బాయిలర్ రూముల్లోనే గడిచింది కదా, అందుకని నాకు తెలిసింది రాస్తున్నా.

న్యూయార్క్ సిటీ వదిలే గ్రీన్‌హౌస్ గ్యాసుల్లో మూడింట రెండొంతులు బిల్డింగులవే. అందుకే 2019లో ఈ చట్టం తెచ్చారు, 25 వేల చదరపు అడుగులు దాటిన బిల్డింగులు దాదాపు అన్నీ దీని కిందకే వస్తాయి, 2024 నుంచి లిమిట్ అమల్లో ఉంది, లిమిట్ దాటిన ప్రతి టన్ను కార్బన్‌కీ ఏడాదికి 268 డాలర్లు ఫైను.

ఇప్పుడు మీ బోర్డులో ఒకాయన లేచి "మనం పాసయ్యాంగా, ఇంకేం గొడవ" అంటాడు చూడు. ఆయన ముందు ఈ లెక్క పెట్టు. లక్ష చదరపు అడుగుల అపార్ట్‌మెంట్ బిల్డింగు, ఏడాదికి 60 వేల థర్మ్‌ల (గ్యాసు బిల్లులో వాడే కొలత) గ్యాసు, ఫ్లాట్లన్నిటితో కలిపి 5 లక్షల యూనిట్ల కరెంటు అనుకుందాం. థర్మ్‌కి 5.3 కిలోల కార్బన్ చొప్పున గ్యాసు 319 టన్నులు, యూనిట్‌కి 0.289 కిలోల చొప్పున కరెంటు 144, మొత్తం 463. ఇప్పటి లిమిట్ అడుగుకి 6.75 కిలోలు అంటే 675 టన్నులు, హాయిగా పాస్. 2030లో అదే లిమిట్ 335కి పడిపోతుంది. కరెంటు లెక్క కూడా యూనిట్‌కి 0.145కి తగ్గుతుంది, గ్రిడ్ క్లీన్ అవుతుందని వాళ్ళే తగ్గించారు, నువ్వేం చెయ్యక్కర్లేదు. గ్యాసు మాత్రం అదే 319. మొత్తం 391, అంటే 56 టన్నులు ఎక్కువ, ఏడాదికి 15 వేల డాలర్లు. చూశావా, నీ చేతిలో ఉన్న పని అంతా గ్యాసు దగ్గరే ఉంది, కాబట్టి లాబీలో ఎల్ఈడీ బల్బులు మార్చి ఫోటోలు దిగే ప్రోగ్రాం తర్వాత పెట్టుకోండి.

"15 వేలేగా, ఫైను కట్టేద్దాం" అనేవాళ్ళు కూడా తయారవుతారు. ఒక టన్ను అంటే దాదాపు 190 థర్మ్‌ల గ్యాసు, దానికి మీ బిల్లులో ఎంత పడుతోందో చూసి ఆ 268కి కలిపి చెప్పు, అప్పుడు మాట్లాడమను.

ఇంకో రకం వాళ్ళొస్తారు, మొత్తం పీకేసి హీట్ పంపులు (గ్యాసు బదులు కరెంటుతో వేడిచేసే మెషిన్లు) పెట్టేస్తాం అని పెద్ద కొటేషన్ పట్టుకుని. హీట్ పంపులు మంచివే, ఏదో ఒకరోజు అటే వెళ్ళాలి, కానీ బాయిలర్‌కి ఇంకా ఆయుష్షుంటే ఇవాళే అప్పుచేసి పరిగెత్తక్కర్లేదు, అది మార్చాల్సిన ఏడాదికి ఇప్పటినుంచే రిజర్వ్ ఫండ్‌లో డబ్బు పోగెయ్యండి. ఈలోపు ఉన్న స్టీమ్‌ని, అంటే బాయిలర్ నుంచి పైపుల్లో ఫ్లాట్లలోని రేడియేటర్లకి వెళ్ళి వేడిచేసే ఆవిరిని, దారిలో పెట్టు.

జనవరిలో మీ బిల్డింగు ఎదురుగా నిలబడి పైకి చూడు, ఎన్ని కిటికీలు తెరిచున్నాయో. గ్యాసు కాల్చి వేడిచేసిన గాలి రోడ్డు మీదకి పోతోంది. ఎందుకంటే చివరి ఫ్లాట్ వాళ్ళు చలి అని కంప్లైంట్ చేస్తారు, హీట్ సీజన్‌లో, అంటే అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా, బయట 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువుంటే పగలు లోపల 68 డిగ్రీలు ఉండాలని రూలు కూడా ఉంది, దాంతో సూపర్ (బిల్డింగు చూసుకునే సూపరింటెండెంట్) బాయిలర్ ప్రెషర్ పెంచేస్తాడు, బాయిలర్‌కి దగ్గరున్నవాళ్ళు ఉడికిపోయి కిటికీ తీస్తారు. ప్రెషర్ పెంచితే దూరానికి స్టీమ్ పోతుందనేది ఒట్టి భ్రమ. అడ్డంపడేది పైపులో ఉన్న గాలి. అది బయటికి పోవాలంటే బేస్‌మెంట్‌లో మెయిన్ పైపుల చివర పెద్ద ఎయిర్ వెంట్లు పని చెయ్యాలి, చాలాచోట్ల అవి ఎప్పుడో మూసుకుపోయి ఉంటాయి, ఎవడూ చూడడు. అవి మార్పించాక ప్రెషర్ 2 పౌండ్లలోపే (చదరపు అంగుళానికి) సరిపోతుంది.

రేడియేటర్‌కి ఎన్ని పైపులు వస్తున్నాయో చూడు. ఒకటే అయితే ఆ వాల్వ్ పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి, సగం తిప్పితే నీళ్ళు వెనక్కి రాలేక రాత్రంతా డబడబా కొట్టుకుంటుంది, ఈ మాట కాగితం మీద రాసి లిఫ్టులో అంటించు. రెండు పైపులైతే స్టీమ్ ట్రాపులు (స్టీమ్‌ని ఆపి నీళ్ళని మాత్రం వెనక్కి వదిలేవి) చూపించు, ట్రాపు తెరుచుకుని ఇరుక్కుంటే స్టీమ్ తిన్నగా రిటర్న్ లైన్లోకి పోతుంది. తర్వాత కంట్రోల్, పాతవి బయట టెంపరేచర్ ఒక్కటే చూసి బాయిలర్ ఆన్ చేస్తాయి, లోపల 80 ఉన్నా వాటికి పట్టదు. కొన్ని ఫ్లాట్లలో సెన్సర్లు పెట్టించు. మీ సూపర్‌ని మాత్రం తీసిపారెయ్యకురా, మర్యాదగా పక్కన కూర్చోబెట్టుకో, పైపుల సంగతి కన్సల్టెంట్ కంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

కాగితాల విషయం. ఏటా మే 1కి రిపోర్టు, లైసెన్సున్న ఇంజినీరో ఆర్కిటెక్టో సంతకం పెట్టాలి. అసలు ఫైలే చెయ్యకపోతే అడుగుకి నెలకి అర డాలరు, మీ లక్ష అడుగులకి నెలకి 50 వేలు, అసలు ఫైను కంటే ఇదే ఎక్కువ! మేనేజింగ్ ఏజెంట్ "చూసుకుంటాంలెండి" అంటే వినకు, జనవరిలోనే ఇంజినీర్‌ని పట్టుకో. ఎన్‌వైసీ యాక్సిలరేటర్ అని సిటీ వాళ్ళదే ఉంది, సలహా ఫ్రీ, కాల్ చెయ్యి.

ముందు రెండేళ్ళ గ్యాసు బిల్లులు స్కాన్ చేసి నాకు పంపు. జులై, ఆగస్టు తప్పకుండా ఉండాలి, ఆ నెలల్లో వాడింది వేడినీళ్ళకీ వంటకీ మాత్రమే కాబట్టి అది తీసేస్తేనే హీటింగ్‌కి ఎంత తగలేస్తున్నారో తేలుతుంది.

మీ బాబాయ్