తొలి హిప్ హాప్ సింగిల్‌కు స్పందన రాలేదని దాన్ని తొలగించాలా?

మీ తొలి సింగిల్ విడుదలై రెండు వారాలైందని, స్పాటిఫైలో ఇప్పటికి 400 ప్లేలు కూడా దాటలేదని, దాన్ని తొలగించి కొత్త మిక్స్‌తో (గొంతు, బీట్ శబ్దాలను కొత్తగా సమతూకం చేసి) మళ్లీ విడుదల చేయాలా అని అడిగారు. తొలగించవద్దన్నదే నా సమాధానం. నా మొదటి పాట విషయంలో నేనూ సరిగ్గా ఇదే అంచుకు వచ్చి ఆగిపోయాను కనుక, ఎందుకు ఆగానో వివరంగా రాస్తాను.

నేను ఆ పాటను విడుదల తేదీకి కేవలం మూడు రోజుల ముందు డిస్ట్రిబ్యూటర్‌కు (పాటలను స్పాటిఫై వంటి వేదికలకు చేర్చే సంస్థకు) అందించాను. స్పాటిఫై సంపాదకుల ప్లేలిస్టులకు పాటను పరిశీలనకు పంపాలంటే అది ఇంకా విడుదల కాకుండా ఉండాలని, కనీసం ఏడు రోజుల ముందుగా పంపితేనే మనల్ని అనుసరించే శ్రోతల రిలీజ్ రాడార్‌లో (కొత్తగా వచ్చిన పాటలు చూపే స్పాటిఫై ప్లేలిస్టులో) మనం ఎంచుకున్న పాట చేరుతుందని అప్పటికి నాకు తెలియదు. పాట శుక్రవారం వచ్చింది. మరుసటి బుధవారానికి నాకు తెలిసినవాళ్లు తప్ప విన్నవాళ్లు లేరు. ఆ నిశ్శబ్దాన్ని నేను పాట మీద ఇచ్చిన తీర్పుగా తీసుకున్నాను. నిజానికి పాట ఎవరి చెవికీ చేరలేదు, చేరనిదాన్ని ఎవరూ తిరస్కరించలేరు. ఈ రెండింటికీ ఉన్న తేడా గుర్తించడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

ఆరు వారాల తర్వాత, నాకంటే ముందు నుంచి ర్యాప్ చేస్తున్న ఒక మిత్రుడు ప్లేల సంఖ్యను పక్కన పెట్టి, యూట్యూబ్‌లో శ్రోతలు ఏ క్షణంలో పాటను వదిలేస్తున్నారో చూపించే గీతను తెరవమన్నాడు. నా పాటలో మొదటి మాట వినిపించేసరికి 38 సెకన్లు గడుస్తాయి. అంతవరకూ బీట్ ఒక్కటే సాగుతుంది. గీత ఆ 38 సెకన్లలోనే సగానికి పైగా కిందికి జారిపోయింది, వర్స్ (ర్యాప్ చరణం) మొదలైన చోటి నుంచి మాత్రం దాదాపు సమంగా చివరి వరకు సాగింది. అంటే నా మాటలు విన్నవాళ్లలో ఎక్కువమంది పాటను పూర్తిగా విన్నారు, వెళ్లిపోయినవాళ్లు నా గొంతు వినకముందే వెళ్లిపోయారు. స్పాటిఫైలో ఒక ప్లే లెక్కలోకి రావాలంటే పాట కనీసం 30 సెకన్లు నడవాలి కనుక, ఆ పొడవాటి ఆరంభం నా లెక్కను కూడా తగ్గించింది. అందువల్ల మీరు ముందుగా చూడవలసింది మొత్తం సంఖ్యను కాదు, మీ మొదటి వర్స్ దాకా ఎంతమంది వస్తున్నారు, వచ్చినవాళ్లు ఎంతసేపు నిలబడుతున్నారు అన్నదాన్ని.

హిప్ హాప్‌లో స్పందనకు మరో ఆనవాలు ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యమైనది: శ్రోత మీ పంక్తిని తన నోటితో తిరిగి అంటున్నాడా లేదా. నా పాట కింద వచ్చిన వ్యాఖ్యలు పదకొండే, కానీ వాటిలో నాలుగు రెండో వర్స్‌లోని ఒకే పంక్తిని అక్షరాలా రాసినవి. హుక్‌ను (పదేపదే వచ్చే పల్లవిని) నేను వారాల తరబడి చెక్కాను, దాని ఊసు ఒక్కరూ ఎత్తలేదు. పాటలో బలం ఎక్కడుందో రాసినవాడి కంటే విన్నవాళ్లకే ముందు తెలియడం ఈ సంగీతంలో కొత్తేమీ కాదు. అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరిన తొలి హిప్ హాప్ సింగిల్‌గా చెప్పే వెనిలా ఐస్ పాట 'ఐస్ ఐస్ బేబీ' మొదట వేరే పాట రికార్డుకు రెండో వైపు పాటగా వెలువడింది. రేడియోలో ఒక డీజే రికార్డును తిప్పి ఆ వైపు వేయడంతో అది జనంలోకి వెళ్లింది. లిల్ నాస్ ఎక్స్ 'ఓల్డ్ టౌన్ రోడ్' 2018 డిసెంబరులో వచ్చినా, అదే పట్టికలో అగ్రస్థానానికి చేరింది 2019 ఏప్రిల్‌లో, ఆపైన వరుసగా 19 వారాలు అక్కడే ఉంది. మన పాటలకూ అలా జరుగుతుందని ఆశపెట్టడానికి ఇవి చెప్పడం లేదు. రెండు వారాల గడువు పెట్టి ఉంటే ఈ రెండో పాటను కూడా విఫలమైనదిగానే లెక్కవేసేవాళ్లం కదా అన్నదే నా ఉద్దేశం.

ఇక కొత్త మిక్స్ సంగతి. శబ్దం ఇతరుల పాటలంత గట్టిగా లేదన్నదే మీ బాధ అయితే ఆ శ్రమ వద్దు; స్పాటిఫై సాధారణ అమరికలో పాటలన్నిటినీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) స్థాయికి సర్దుతుంది కాబట్టి, మరింత గట్టిగా మాస్టరింగ్ (విడుదలకు ముందు చేసే తుది శబ్ద సర్దుబాటు) చేయించినా దాన్ని మళ్లీ తగ్గించే వినిపిస్తుంది. పదాలు స్పష్టంగా వినబడకపోవడం సమస్య అయితే మాత్రం కొత్త మిక్స్ చేయించడం న్యాయమే. పాటను ఒకసారి ఫోన్ స్పీకర్‌లో వినండి. 808 బేస్‌లోని (హిప్ హాప్ బీట్‌లలో వినిపించే లోతైన డ్రమ్ శబ్దంలోని) అడుగు ధ్వని అక్కడ దాదాపు మాయమవుతుంది. అది లేకుండా కూడా ప్రతి పదాంతం వినబడితే మీ మిక్స్ మీద అనుమానం పెట్టుకోనక్కర లేదు.

నేను పాత పాటను అలాగే ఉంచి, హుక్‌తో నేరుగా మొదలయ్యే చిన్న రూపాన్ని వేరే ఐఎస్‌ఆర్‌సీ (ప్రతి రికార్డింగ్‌కు విడిగా ఉండే గుర్తింపు) సంకేతంతో, ఈసారి నాలుగు వారాల ముందే అందించి విడుదల చేశాను. అది విన్నవాళ్లలో కొందరు వెనక్కి వెళ్లి మొదటి రూపాన్ని కూడా విన్నారు. మొదటిదాన్ని తొలగించి ఉంటే అప్పటివరకు చేరిన ప్లేలు, జనం తమ ప్లేలిస్టులలో దాచుకున్న జాడలు పోయేవి. 2024 నుంచి గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 ప్లేలు వచ్చిన పాటకే స్పాటిఫై రాయల్టీ లెక్కకడుతోంది కనుక, మీకున్న ఆ కొద్దిపాటి సంఖ్య కూడా వృథా కాదు. దాన్ని పెంచడానికి డబ్బు తీసుకుని ప్లేలు తెప్పిస్తామనేవారి దగ్గరకు మాత్రం దయచేసి వెళ్లకండి. కృత్రిమ ప్లేలు బయటపడితే డిస్ట్రిబ్యూటర్‌పై జరిమానా పడుతుంది, వాళ్లు మీ పాటనే తీసివేసే ప్రమాదం ఉంది.

బీట్‌ను లీజుకు తీసుకున్నారా, పూర్తి హక్కులతో కొన్నారా అన్నది మీరు రాయలేదు. నాది లీజు బీట్. అదే బీట్‌ను లీజుకు తీసుకున్న మరొకరు తమ పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (ఇతరుల వీడియోల్లో ఆ శబ్దం ఉంటే తనంతట తానే గుర్తించే వ్యవస్థలో) నమోదు చేయడంతో, మూడో వారంలో నా వీడియో మీద హక్కుల దావా పడింది. లీజు పత్రాన్ని దాచుకున్నాను కాబట్టి అది జతచేసి అభ్యంతరం తెలిపాను, పక్షం రోజుల్లో దావా ఎత్తేశారు. మీది కూడా లీజు బీటే అయితే ఆ పత్రాన్ని ఇప్పుడే వెతికి భద్రం చేసుకోండి, డిస్ట్రిబ్యూటర్ ఫారంలో కంటెంట్ ఐడీ ఎంపికను మీరే పొరపాటున ఆన్ చేశారేమో కూడా చూసుకోండి. లీజు షరతులు సాధారణంగా దానికి ఒప్పుకోవు.