కొత్తగా వచ్చారా? ముందు ట్రక్కు రేసుకి వెళ్లండి

డాలస్ దగ్గర ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు కొత్తగా దిగిన మన పిల్లలు నన్ను తరచూ అడిగే మాట ఇది: "అన్నా, ఆఫీసులో అందరూ నాస్కార్ రేసుకి వెళ్తూ నన్నూ రమ్మంటున్నారు, గుండ్రంగా తిరిగే బళ్లని అంతసేపు ఏం చూస్తాం?" నాస్కార్ అంటే అమెరికాలో కార్ల, పికప్ ట్రక్కుల రేసులు నడిపే సంస్థ. వెళ్లమనే చెబుతాను. కాకపోతే ఆదివారం జరిగే పెద్ద రేసుతో మొదలుపెట్టొద్దు. శుక్రవారం రాత్రి ట్రక్కు రేసుకి వెళ్లండి. టికెట్ తక్కువ, రెండు గంటలు కాస్త అటూ ఇటూగా అయిపోతుంది, మర్నాడు సెలవు. చాలా ట్రాకుల్లో ఈ రేసుకి పన్నెండేళ్ల లోపు పిల్లలకి ఉచితం, కొనేముందు ఆ సంగతి ఒకసారి కనుక్కోండి.

ట్రక్కు అంటే మన లారీ అనుకోకండి, పికప్. పక్కింటాయన ఇంటి ముందు పెట్టుకునే సిల్వరాడో, ఎఫ్-150, టండ్రా ఉన్నాయే, ఆ ఆకారాలే. 2026లో రామ్ (Ram) కంపెనీ పికప్ కూడా తిరిగొచ్చింది. పైకి ఆ రూపమే గానీ లోపలంతా ఉక్కు గొట్టాల చట్రం, వి8 ఇంజిను, వెనక తొట్టి మీద మూత. 1995లో ఫీనిక్స్‌లో మొదటి రేసు జరిగింది. అది గెలిచిన మైక్ స్కిన్నరే ఆ ఏడాది ఛాంపియన్ కూడా అయ్యాడు. టొయోటా నాస్కార్ జాతీయ స్థాయిలో అడుగుపెట్టింది కూడా 2004లో ఈ ట్రక్కుల్లోనే.

సీజన్ ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని డేటోనాలో మొదలై శీతాకాలం ముందు ముగుస్తుంది. 2025లో 25 రేసులు. ఒక్కో రేసు మూడు భాగాలు, మొదటి రెండు భాగాల చివర ముందున్న పదిమందికి విడిగా పాయింట్లు ఇస్తారు, అందుకే మధ్యలోనూ ఎవరూ ఊరికే తిరగరు. ఇది తెలియకపోతే రేసు మధ్యలో ఆకుపచ్చ-తెలుపు గళ్ల జెండా ఎందుకు ఊపారో అర్థం కాదు.

2025 సీజన్ నాకైతే మరపురానిది. డేటోనాలో ముందుగా గీత దాటింది పార్కర్ క్లిగర్‌మన్. సంబరాలు కూడా అయిపోయాయి. తర్వాత తనిఖీలో ట్రక్కు వెనక భాగం ఉండాల్సిన ఎత్తు కంటే కిందికి ఉందని తేలి, గెలుపు కోరీ హైమ్‌కి వెళ్లింది. ఆ హైమ్ ఏడాది మొత్తంలో 12 రేసులు గెలిచాడు, ట్రక్కుల్లో ఒక్క సీజన్‌లో అన్ని గెలిచినవాళ్లు అంతకుముందు లేరు. అన్ని గెలిచినా అప్పటి పద్ధతి ప్రకారం ఫీనిక్స్‌లో చివరి రేసులో టైటిల్ పోటీలో మిగిలిన మరో ముగ్గురితో సమానంగానే మొదలుపెట్టాలి, ఆ నలుగురిలో ముందు వచ్చినవాడే ఛాంపియన్, అక్కడ తేడా వస్తే ఏడాది కష్టమంతా పోయినట్టే. అదృష్టం బాగుండి అదీ గెలిచాడు. 2016లో విలియం బైరన్‌కి ఆ అదృష్టం దక్కలేదు: కొత్త కుర్రాడు, ఏడు రేసులు గెలిచి, సరిగ్గా ఫైనల్‌కి ముందు రేసులో ఇంజిను పోయి టైటిల్ పోటీ నుంచే తప్పుకున్నాడు. ఆ పద్ధతి నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపించేది. 2026 నుంచి ఆ ఒక్క రేసు తీర్పు తీసేశారు, సంతోషం.

ఆ బైరనే తర్వాత 2024లో, 2025లో వరసగా నాస్కార్‌లో అన్నిటికన్నా పేరున్న రేసు డేటోనా 500 గెలిచాడు. ట్రక్కులు చూడమనడానికి నా అసలు కారణం ఇదే. రేపటి పెద్ద డ్రైవర్లని ఇరవై ఏళ్లు కూడా నిండనప్పుడే, ఇంత దగ్గర నుంచి, ఇంత తక్కువ ఖర్చుతో ఇంకెక్కడ చూస్తాం?

ఇక వెళ్లే సంగతి. ఇర్వింగ్ నుంచి 114 హైవే పట్టుకుంటే తిన్నగా టెక్సాస్ మోటార్ స్పీడ్‌వే. మైలున్నర ట్రాకు, ల్యాపుకి, అంటే ఒక చుట్టుకి, అర నిమిషం పడుతుంది. మొదట ప్రార్థన, తర్వాత జాతీయగీతం, అందరితోపాటు టోపీ తీసి నిలబడండి. రేసు మొదలని ఆకుపచ్చ జెండా ఊపాక ముప్పైకి పైగా ట్రక్కులు ఒక్కసారి ముందు నుంచి వెళ్తే కూర్చున్న అల్యూమినియం బల్ల తొడల కింద వణుకుతుంది, కంచె దాటి వచ్చిన రబ్బరు రవ్వలు చేతుల మీద పడతాయి. పిల్లలకి చెవులు మూసే మఫ్‌లు తప్పనిసరి, ఇది మాత్రం నా మాట వినండి. నేను మొదటిసారి మా చిన్నదాన్ని అవి లేకుండా తీసుకెళ్లాను. ఇరవై ల్యాపులు కాకముందే రెండు చేతులతో చెవులు మూసుకుని ఏడుస్తుంటే ఎత్తుకుని బయటికి వచ్చేశాను, ఆ ముఖం ఇప్పటికీ గుర్తే. పెద్దవాళ్లకి ఫోమ్ ప్లగ్గులు సరిపోతాయి. స్కానర్ అద్దెకి దొరికితే తీసుకోండి, డ్రైవరూ, పైన నిలబడి దారి చెప్పే స్పాటరూ మాట్లాడుకునేది వినొచ్చు.

టెక్సాస్‌లో వసంతం అంటే సాయంత్రం ఉరుములు మామూలే, ఈ ట్రాకు మీద తడిలో నడపరు, ఆరబెట్టేదాకా ఆగాల్సిందే. కాబట్టి పల్చటి రెయిన్‌కోటు ఉంచుకోండి. బయటి తిండి చాలా ట్రాకులు లోపలికి రానిస్తాయి, బ్యాగు సైజు మాత్రం ట్రాకు వెబ్‌సైటులో చూసుకోండి, గాజు సీసాలు వద్దు. మేం పులిహోర, పెరుగన్నం డబ్బాలు పట్టుకెళ్తాం. రేసు అవగానే పార్కింగులో బండి తీయకండి, అందరూ ఒకేసారి బయటికి వస్తారు. డిక్కీ తెరిచి మిగిలిన పులిహోర తింటూ అరగంట కూర్చుంటే 114 ఖాళీ అవుతుంది.