స్కేటు బ్లేడుకి చేత్తో పదును: కీర్తికి ఉత్తరం

చిరంజీవి కీర్తికి,

బాబాయి ఆశీస్సులు. మంచు మీద తిరిగే స్కేట్ల బ్లేడుకి చేత్తో పదును పెట్టుకోవడానికి నువ్వు కొన్న పరికరం ఫోటో చూశాను. అరచేతిలో ఇమిడే పిడి, బ్లేడు దూరేంత సన్నటి సందు, ఆ సందు లోపల బ్లేడు పొడవునా ఆనే గుండ్రటి సాన కడ్డీ. వస్తువు బాగానే ఉంది. "ఇక మెషిన్ మీద సాన పట్టించక్కర్లేదు కదా?" అని అడిగావు. పట్టించాలమ్మా. కాకపోతే ఇప్పుడు వెళ్తున్నన్నిసార్లు వెళ్లక్కర్లేదు. ప్రకటనల్లో ఈ రెండో మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మొదటిది అసలు ఉండదు.

ముందు ఒక పని చెయ్యి. స్కేటుని తలకిందులుగా పట్టుకుని మడమ వైపు నుంచి బ్లేడు వెంట చూడు. అడుగు చదునుగా ఉండదు, ఈ చివర నుంచి ఆ చివరికి సన్నటి గాడి కనిపిస్తుంది. దీన్నే హాలో అంటారు. గాడికి అటూ ఇటూ ఉన్న రెండు గట్లే అంచులు, ఒకటి లోపలి అంచు, ఇంకోటి బయటి అంచు. మలుపు తిరిగేటప్పుడు, ఎగిరి దిగేటప్పుడు నీ బరువంతా వీటిలో ఒకదాని మీదే ఉంటుంది. మెషిన్‌లో సాన చక్రం అంచుని వజ్రపు మొనతో గుండ్రంగా దిద్ది, దాంతో ఆ గాడి తీస్తారు. ఆ గుండ్రటి వంపు వ్యాసార్ధమే గాడి కొలత. ఐస్ హాకీ ఆడేవాళ్లలో చాలామంది అర అంగుళం వాడతారు, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఎగరడం, గిర్రున తిరగడం ఉండే నీ ఫిగర్ స్కేటింగ్‌లో మామూలుగా 7/16 నుంచి 5/8 అంగుళం దాకా ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ గాడి లోతు పెరుగుతుంది. అంచు మంచుని గట్టిగా పట్టుకుంటుంది, జారుడు తగ్గుతుంది. బరువు తక్కువున్న పిల్లలకి కాస్త లోతు గాడి సుఖంగా ఉంటుంది, ఎందుకంటే వాళ్ల బరువుకి అంచు మంచులోకి అంతగా దిగదు.

ఇప్పుడు చిన్న లెక్క. తమ్ముడి హాకీ బ్లేడు మందం సుమారు 2.9 మిల్లీమీటర్లు ఉంటుంది. అర అంగుళం వ్యాసార్ధంతో గాడి తీస్తే మధ్యలో లోతు 0.08 మిల్లీమీటర్లు. మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. నీ ఫిగర్ బ్లేడు సుమారు 4 మిల్లీమీటర్లు. అదే అర అంగుళానికి నీ గాడి లోతు 0.16 దాకా వస్తుంది. "ఇద్దరిదీ అర అంగుళమే" అని మీరిద్దరూ అనుకుంటారు గానీ నీ గాడి వాడిదానికి దాదాపు రెట్టింపు లోతు. మందం రెండింతలు కాకపోయినా లోతు రెండింతలు కావడానికి కారణం, లోతు మందం వర్గంతో పెరగడమే. ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, నీ పరికరం పనిచేసేది ఇంత సన్నటి చోట. చెయ్యి కాస్త బరువుగా పడితే పోయేది కూడా ఇంతే, కానీ ఉన్నదే ఇంత.

వాడుతుంటే అంచు మూడు రకాలుగా చెడుతుంది. ఒకటి, కొస మొద్దుబారుతుంది. రెండు, ఒక పక్కకి సన్నగా ఒరుగుతుంది. మూడు, ఇసుక రేణువో, ఇంకొకరి బ్లేడో తగిలి సొట్ట పడుతుంది. మొదటి రెండింటికీ నీ పరికరం మందు. మూడోదానికి కాదు. సొట్ట చిన్నదైతే చుట్టూ లేచిన గరుకు వరకూ తీస్తుంది, అంతే. ఒక అంచు ఎత్తు, ఇంకోటి పల్లం అయినా అది సరిచెయ్యలేదు, ఎందుకంటే ఉన్న గాడినే దారిగా చేసుకుని నడుస్తుంది. దారి వంకరైతే అదీ వంకరగానే నడుస్తుంది. కొత్త స్కేట్లు చాలావరకు సరైన పదును లేకుండానే వస్తాయి. వాటికి మొదటి గాడి మెషిన్ మీదే పడాలి. మంగలి కత్తికి రోజూ తోలు పట్టీ మీద రెండు ఊపులు చాలు, సాన పెట్టడం ఎప్పుడో ఒకసారి. నీ చేతిలో ఉన్నది ఆ తోలు పట్టీకి దగ్గరి చుట్టం.

ఈ జాతి పరికరాల్లో ఇంకో రకం ఉంది. గాడి జోలికి పోకుండా సన్నటి పింగాణీ కడ్డీలతో ఒరిగిన అంచుని నిటారుగా నిలబెడుతుంది. లోహం దాదాపుగా తియ్యదు కాబట్టి మంచు మీదకి వెళ్లే ముందు అవసరమైతే ఎప్పుడైనా వాడొచ్చు. నీది గాడిలో కూర్చునేది, అది లోహాన్ని తీస్తుంది. కాబట్టి దానికి లెక్క ఉండాలి. వంటింటి చాకులకి పదును పెట్టే పరికరాన్ని మాత్రం స్కేటు దగ్గరికి కూడా రానివ్వకు. ఈమధ్య వీడియోల్లో అదీ చూశాను.

వాడే ముందు కొలతలు కలుస్తున్నాయో లేదో చూడాలి. సాన కడ్డీ వ్యాసార్ధం, నీ గాడి వ్యాసార్ధం ఒకటే కావాలి. కడ్డీ సన్నదైతే గాడి అడుగున మాత్రమే రాసుకుంటుంది, అంచుని తాకదు. గంటసేపు లాగినా పదును రాదు. కడ్డీ లావైతే రెండు అంచుల కొసల మీదే కూర్చుని వాటినే అరగదీస్తుంది. ఇది ఇంకా చెడ్డది. కళ్లతో చూస్తే తెలియదు కాబట్టి మార్కర్ పెన్ను తీసుకుని గాడంతా రంగు పూసెయ్యి. పరికరం పెట్టి మెల్లగా రెండు మూడుసార్లు లాగు. రంగు అంచు నుంచి అంచు దాకా సమానంగా పోతే కొలత కుదిరినట్టు. మధ్యలో మాత్రమే గీత పడితే కడ్డీ సన్నది. అటూ ఇటూ పోయి మధ్యలో రంగు మిగిలితే లావుది. ఒక పక్కే పోయిందంటే బ్లేడు సందులో ఊగుతోందన్నమాట. ఈ పరీక్ష ఒక్కటి చేస్తే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి. మెషిన్ మీద ప్రతిసారీ సాన పట్టించాక మళ్లీ చెయ్యి, ఎందుకంటే అక్కడివాళ్లు నిన్ను అడక్కుండా వ్యాసార్ధం మార్చేసి ఉండొచ్చు.

సందులో ఊగుడు గురించి ఇంకో మాట. హాకీ బ్లేడుకి చేసిన సందులో నీ బ్లేడు దూరదు. నీ బ్లేడుకి సరిపోయే సందులో తమ్ముడిది వదులుగా ఆడుతుంది. కొన్నిటికి బ్లేడు మందానికి తగ్గట్టు సందుని సర్దే గైడ్లు వస్తాయి. నీ పెట్టెలో ఉన్నాయేమో చూడు. లేకపోతే అక్కాతమ్ముళ్లకి ఒకే పరికరం అన్న ఆలోచన మానుకోండి.

ఇక పని. బ్లేడు పొడిగా, శుభ్రంగా ఉండాలి. ఇసుక రేణువు ఉంటే ముందే తుడిచెయ్యి. స్కేటుని బ్లేడు పైకి వచ్చేలా కదలకుండా బిగించు. బల్లకి తగిలించి బిగించే బెంచీ వైస్ ఉంటే గుడ్డ చుట్టి పెట్టు, లేకపోతే గట్టి బల్ల మీద ఆనించు. ఒళ్లో పెట్టుకుని చెయ్యకు. రెండో చెయ్యి ఎప్పుడూ బూటు మీద ఉండాలి, బ్లేడు వెళ్లే దారిలో కాదు. కోతకి తట్టుకునే గ్లోవ్స్ వేసుకో. కడ్డీకి నూనె కావాలా, నీళ్లు కావాలా, పొడిగా వాడాలా అన్నది దానితో వచ్చిన కాగితంలో ఉంటుంది. అది చదివి అలాగే చెయ్యి.

మడమ వైపు మొదలుపెట్టి ముందుకి ఒకే ఊపులో లాగు. చేతి బరువు చాలు, నొక్కొద్దు. నొక్కితే పదును త్వరగా రాదు, గాడి అడుగు వంకరవుతుంది. మధ్యలో ఆగి ముందుకీ వెనక్కీ రుద్దకు. పదును పోయిందనిపించిన ఒక్క చోటే రుద్దాలని ఎవరికైనా అనిపిస్తుంది, ఎక్కువ చెడగొట్టేది అదే. బ్లేడు అడుగు పక్క నుంచి చూస్తే తిన్నగా ఉండదు కదా, పొడవునా వంపు ఉంటుంది. రాకర్ అంటారు. ఫిగర్ బ్లేడుకి ప్రధాన వంపు ఎక్కువగా 7 లేదా 8 అడుగుల వ్యాసార్ధం, హాకీకి తరచుగా 9 నుంచి 11 అడుగులు. బ్లేడు ముందు కొసన పళ్లలా ఉండే టో పిక్ వెనక ఉన్న ఇంకొంచెం గట్టి వంపు మీదే నువ్వు గిర్రున తిరుగుతావు. ఒకే చోట రుద్దితే ఆ వంపు చదునైపోతుంది. తర్వాత స్పిన్ ఎందుకు నిలవడం లేదో కోచ్‌కీ అర్థం కాదు, నీకూ అర్థం కాదు.

ఐదారు ఊపులయ్యాక పరికరాన్ని తిప్పి పట్టుకుని మళ్లీ అన్నే లాగు. కడ్డీ మధ్యలో సరిగ్గా కూర్చోకపోతే వచ్చే తేడా రెండు పక్కలకీ పంచుకుపోతుంది. టో పిక్ దగ్గరికి రాకముందే ఊపు ఆపి పరికరాన్ని పైకి ఎత్తు. ఆ పళ్ల మీదకి ఎక్కించకు. అన్నిటికన్నా కింద ఉండే పన్ను అరిగితే నువ్వు ఎగరడానికి ఆనుకునే ఎత్తే మారిపోతుంది.

గాడిలో సాన నడిచాక బయటి వైపున అంచు మీద సన్నటి లోహపు ముళ్లు లేస్తాయి. వర్క్‌షాపు భాషలో బర్ అంటారు. వేలిని అంచు వెంట కాకుండా బ్లేడు పక్క నుంచి పైకి అడ్డంగా మెల్లగా జరిపితే గుచ్చుకుంటుంది. చాలామంది దాన్నే పదును అనుకుని సంబరపడతారు. మంచు మీద నాలుగు చుట్లు తిరిగేసరికి అది విరిగి పోతుంది, కింద ఉన్న అసలు అంచు అప్పుడు బయటపడుతుంది. దాన్ని తీయడానికి నున్నటి చిన్న సానరాయిని బ్లేడు పక్కకి పూర్తిగా ఆనించి, వాల్చకుండా, ఒక్కో వైపు ఒకటి రెండు ఊపులు. తర్వాత తోలు ముక్కతో ఒకసారి. రాయిని అంచు మీదకి వాల్చావా, చేసిన పనంతా పోయినట్టే. పొడిని ఊదకు, కళ్లలో పడుతుంది, తడి గుడ్డతో తుడువు.

పదును వచ్చిందా లేదా? దీపం కింద పెట్టి అంచు మీదకి చూడు. మొద్దుబారిన అంచు వెలుగుని తెల్లటి గీతలా చూపిస్తుంది, పదునైన అంచు ఏమీ చూపించదు. అక్కడక్కడ చుక్కలా మెరిస్తే సొట్ట. రెండో పరీక్ష, గోరు పైభాగాన్ని అంచుకి అడ్డంగా తేలిగ్గా రుద్దు. సన్నటి పొడి రాలాలి, రెండు అంచుల మీదా ఒకేలా. మూడోది ఎత్తుపల్లాలకి. వంపు లేని చిన్న స్టీలు పట్టీని బ్లేడుకి అడ్డంగా రెండు అంచుల మీద పెట్టి వెనక నుంచి చూడు. బ్లేడుకి లంబంగా ఉంటే సరే. ఒరిగి కనిపిస్తే పరికరం పక్కన పెట్టి మెషిన్ వాళ్ల దగ్గరికి వెళ్లు.

మంచు మీద కూడా తెలుస్తుంది. రెండు వైపులా జారితే పదును పోయింది. ఒక వైపే జారితే అంచులు సమానంగా లేవు. ఆగబోతే బ్లేడు దడదడలాడుతూ పట్టేస్తుంటే పదును మరీ ఎక్కువైంది, లేదా బర్ మిగిలింది. కానీ బ్లేడుని తిట్టే ముందు మంచుని చూడు. ఫిగర్ స్కేటింగ్‌కి మంచుని కాస్త వెచ్చగా, మెత్తగా ఉంచుతారు, హాకీకి ఇంకా చల్లగా, గట్టిగా ఉంచుతారు. నిన్న మెత్తటి మంచు మీద బాగున్న అంచు ఇవాళ గట్టి మంచు మీద జారితే తప్పు అంచుది కాదు.

ఎన్నాళ్లకోసారి వాడాలి అంటే, 4, 5 గంటలు స్కేటింగ్ అయ్యాక ముందు దీపం పరీక్ష చెయ్యి. తెల్ల గీత కనిపిస్తేనే సాన పట్టు. అలవాటుగా రోజూ లాగకు. మెషిన్ సాన మాత్రం 20 గంటలు దాటాక ఆలోచించు, నీలా తేలిగ్గా ఉండేవాళ్లకి ఇంకొంత సాగుతుంది. పోటీకి గానీ టెస్ట్‌కి గానీ ముందు రోజు రాత్రి మెషిన్ సాన పట్టించుకోవద్దు. కొత్త పదునుకి కాళ్లు అలవాటు పడాలంటే మధ్యలో కొన్ని ప్రాక్టీసులు ఉండాలి. ఆ రోజు టెన్షన్‌లో పరికరం బయటికి తీస్తావేమో, తియ్యకు. అసలు ఆ రోజు దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లు.

మెషిన్ వాళ్ల దగ్గరికి వెళ్తే ఫిగర్ బ్లేడ్లు చేసే అలవాటుందా అని ముందే అడుగు. హాకీ బ్లేడ్లే చేసే చెయ్యి టో పిక్‌ని అలవాటులో అరగదీసేస్తుంది. ఏ వ్యాసార్ధం పెట్టారో అడిగి ఫోన్‌లో రాసుకో. నీ బ్లేడు పక్కన అడుగు వైపు క్రోమ్ పూత లేని పట్టీ కనిపిస్తుంది కదా, సాన పట్టేకొద్దీ అది సన్నబడుతుంది. అంచు క్రోమ్ దాకా వచ్చిందంటే బ్లేడు ఆయుష్షు అయిపోయింది. చేత్తో ఎక్కువసార్లు లాగినా ఆ పట్టీ కరుగుతుంది, మెల్లగా.

మిగతావి నీకు తెలిసినవే. మంచు దిగగానే బ్లేడు తుడిచి, గుడ్డ తొడుగులో పెట్టు. గట్టి ప్లాస్టిక్ గార్డు నడవడానికి మాత్రమే, అందులో తడి బ్లేడు పెట్టి బ్యాగులో పడేస్తే తెల్లారేసరికి తుప్పు. గార్డు లేకుండా సిమెంటు నేల మీద నాలుగు అడుగులు వేస్తే ఏ పరికరమూ తీర్చలేని నష్టం.

ఇంకో విషయం, మీ స్నేహితురాలు స్పీడ్ స్కేటింగ్ నేర్చుకుంటోందని రాశావు. నీ పరికరం ఆ అమ్మాయికి అరువివ్వకు. వాళ్ల బ్లేడు మందం మిల్లీమీటరు పైన కొంచెం, అడుగు చదును, గాడే ఉండదు. వాళ్లు రెండు బ్లేడ్లనీ పక్కపక్కనే కదలకుండా పట్టే చట్రం లాంటి జిగ్‌లో బిగించి, చదునైన రాయితో చేత్తోనే సాన పడతారు. చూడనిస్తే ఒకసారి పక్కన కూర్చుని చూడు, చేతి బరువు ఎలా ఉండాలో అక్కడ బాగా తెలుస్తుంది.

ముందు మార్కర్ పరీక్ష చేసి రంగు ఎలా పోయిందో ఫోటో పంపు, అది చూశాకే సాన మొదలుపెట్టు. తమ్ముడి బ్లేడు మందం కూడా కొలిచి రాయి, వాడికి ఏ గైడు కావాలో చెప్తాను.

ఆశీస్సులతో,
బాబాయి